పొలుసు

పదహారేళ్లు చేపల ఫ్యాక్టరీలో కాడ్ కోశాను.
ఏప్రన్ నిండా పొలుసులు.
ఇంటికొచ్చి మోచేతుల మీది నా పొలుసులు
గుమ్మం బయట దులిపేదాన్ని.
రెండూ తెలుపే.
చేపవి మెరిసేవి, అంతే తేడా.

వేట ఆపమని ప్రభుత్వం చెప్పిన వేసవిలో
న్యూఫౌండ్‌లాండ్ పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకున్నాయి.
చేతులకు పనిలేదు, నాలుకలకే పని.
అప్పుడొచ్చింది సెయింట్ జాన్స్ నుంచి నర్సు హైన్స్,
ఊదా మూతల గాజు గొట్టాలతో,
చుట్టచుట్టిన పొడవాటి కాగితంతో.

వంటగది బల్ల మీద పరిచి
నాలుగు మూలలా టీ కప్పులు పెట్టాం.
మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు సున్నాలు.
ఒళ్లు పొట్టు రాలినవాళ్లకు నల్లసిరా.
"చెప్పండి, ఎవరెవరికి?"

మా రేవులో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న.
జులైలోనూ నిండుచేతుల చొక్కా ఎందుకని అడగం.
నాన్నమ్మ దుప్పటి విడిగా ఉతికేవాళ్లమని చెప్పం.

చెప్పాను.
తాత లియాండర్, నలుపు. చర్చిలో చివరి బెంచీ ఆయనదే.
అత్త డోర్కస్, నలుపు. జన్మకో నాట్యం, అదీ చేతితొడుగులతో.
చిన్నాన్న ఆంబ్రోజ్‌కి గోళ్లకే, సగం నలుపు చాలదా అన్నాను.
హైన్స్ నవ్వి మొత్తం నింపేసింది.

పైకి, ఇంకా పైకి పోతే
వాటర్‌ఫర్డ్ నుంచి ఉప్పు పీపాలతో దిగిన ఒక జంట.
వాళ్ల గడుల్లో ప్రశ్నార్థకాలు.
సామాను పట్టీలో రాయని వస్తువొకటి
వాళ్లతో దిగి ఉండాలి.

"ఆరో క్రోమోజోమ్ మీద అక్షరాల్లో చిన్న తేడా" అంది.
అచ్చుతప్పా?
"తప్పు కాదు, తేడా. ఒంటికి కాపలావాడుంటాడు కదా,
మీవాడిది తొందరపాటు.
దొంగనీ చుట్టాన్నీ ఒకే కర్రతో బాదుతాడు."

రాలేది చర్మం.
రాలనిదాన్నే కదా అక్షరం అంటాం.

ఒకచోట ఆమె కలం ఆగింది.
ఒకే బిందువు నుంచి చీలిన రెండు సున్నాలు.
నేను, నలుపు.
నాకన్నా పదకొండు నిమిషాలు చిన్నది బెర్నడెట్, తెలుపు.
ఒకే అండం. ఒకే అక్షరాలు. ఒకే కాపలావాడు.
"మరి ఈమెకు?"

మా పదమూడో ఏట, ఫిబ్రవరిలో
గొంతునొప్పి గడపగడపా తొక్కింది.
ఒకరినైనా దాటించాలని అమ్మ
స్లెడ్జి బండి మీద డోర్కస్ అత్త ఇంటికి పంపింది.
వెళ్లాల్సింది నేను.
నా ఎడమకాలి బూటు కనబడలేదు.

మూడు వారాలకు నా పొట్ట మీద ఎర్రటి చినుకులు,
వానకు ముందు పడవ చెక్క మీద పడేవాటిలాంటివి.
ఆ వాన ఆగలేదు.

"బూటు వల్లే అనలేను" అంది హైన్స్.
"కావచ్చు. కాకపోవచ్చు.
అక్షరాలుండీ ఏమీ రానివాళ్లే ఎక్కువమంది.
మేం చెప్పగలిగేది వందకింతమందికని, అంతే."
ఆ కాగితం మీద బూట్లకు గడి లేదు.

అప్పటిదాకా పొయ్యి దగ్గర నిలబడ్డ బెర్నడెట్
చొక్కా చేతులు కిందికి లాక్కుంది,
నన్ను చూసినప్పుడల్లా లాక్కున్నట్టే.
"బూటు నేనే దాచాను.
బొగ్గు డబ్బాలో.
స్లెడ్జి ఎక్కాలని."

కెటిల్ కూత పెడుతూనే ఉంది, ఎవరూ దించలేదు.
ముప్పై ఏళ్లు.
నాది చర్మం పైన.
దానిది చర్మం కింద.

ఏమనాలి?
"బండి ఎలా ఉండింది?" అని అడిగాను.
"చలి" అంది. "చెప్పలేనంత చలి."
తర్వాత ఇద్దరం చేతులు చాచాం.
హైన్స్ రెండు గొట్టాలు నింపింది.
పేర్లు అంటించేదాకా
ఏది ఎవరిదో తనకే తెలియలేదట.

కాగితం చుట్టబోతే కనబడింది,
కప్పు అడుగున అచ్చుపడ్డ
గోధుమరంగు వలయం.
మా వంశంలో ఎవరిదీ కాని సున్నా.
దాన్ని నింపాలో వద్దో
ఆమె మమ్మల్ని అడగలేదు.